ఆయన నోట నా పేరు

పెళ్లయిన పదకొండేళ్లలో మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది ఒక్కసారే. అదీ పెళ్లినాడు, అత్తగారింటి గడప దగ్గర. ఆడబిడ్డలిద్దరూ వాకిట్లో చేతులు అడ్డం పెట్టి, ఒకరి పేరు ఒకరు చెబితేగానీ లోపలికి రానీయమని పంతం పట్టారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో గొణిగాను. ఆయన షెడ్డులో పానా అందుకోమన్నంత గట్టిగా నా పేరు అనేసి, జనం నవ్వేలోపే లోపలికి దూసుకుపోయాడు. ఆ తర్వాత ఇక నాకు పేరు లేదు. నేను "ఏందే"ని. కోపమొస్తే "ఓసేయ్"ని. మరీ కోపమొస్తే "నిన్నే, చెవుల్ల దూది పెట్టుకున్నవా"ని. మనసు బాగున్నప్పుడూ అదే "ఏందే", కాకపోతే చివర కాస్త సాగేది. ఆ సాగదీతను బట్టే ఆకలేసిందో, ఊరు గుర్తొచ్చిందో, నా మీద ప్రేమ పుట్టిందో పోల్చుకునేదాన్ని.

నేనూ ఏం తక్కువ తినలేదు. "ఇగో, ఇంటున్నవా" అనేదాన్ని. మొగుడి పేరు పెళ్లాం నోటితో పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా అమ్మ నాకు చిన్నప్పుడే నూరిపోసింది. దాన్ని నమ్మానో లేదో నాకే తెలియదు, పలకడం మాత్రం పలకలేదు. ఒమాన్ వచ్చాక బ్యాంకులో, పాప బడిలో ఫారం నింపేవాళ్లు భర్త పేరు అడిగితే, సంచీలోంచి ఆయన లేబర్ కార్డు జిరాక్సు తీసి వాళ్ల ముందు పెట్టేదాన్ని. మూగదాన్ననుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఎనభైల చివర్లో పాపను తీసుకుని నేను మస్కట్‌లోని వాడి కబీర్ అనే పేటకు వచ్చాను. ఆయన అంతకు ముందు నుంచే అక్కడి ఒక కార్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఆయన కింద పనిచేసేవాళ్లంతా "ఉస్తాద్" అనేవారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు పడటంతో ఆఫీసుల్లో ఆ ఇంటిపేరే ఆయన పేరైపోయింది. అంటే వాళ్లమ్మ పెట్టిన పేరుతో ఆయనను పిలిచే మనిషి ఆ దేశం మొత్తంలో ఒక్కరూ లేరు. ఇదంతా ఇంత విడమరిచి ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత మా బతుకు ఈ పిలుపుల దగ్గరే తలకిందులైంది.

అది తొంభైల తొలి ఏళ్లలో ఒక శుక్రవారం, సెలవు రోజు. మాది మూడంతస్తుల బిల్డింగులో పై అంతస్తు. మేడ మీద ఇనుప స్టాండ్లకు ఎక్కించిన నీళ్ల ట్యాంకులు ఒక్కో ఇంటికి ఒక్కొక్కటి ఉండేవి. ముందురోజే ట్యాంకర్ వచ్చి నింపి వెళ్లింది. అయినా పొద్దున బట్టలకు సబ్బు పెట్టేసరికి నల్లా ఖర్రుమని ఆగిపోయింది. ఆయన లుంగీ కట్టుకుని, ఊరి నుంచి ఎవరో తెచ్చిన పాత పేపరు మూడోసారి చదువుతున్నాడు.

"ఇగో, ఇంటున్నవా. నల్ల వస్తలేదు. పైకి పోయి జెర చూడు."

"వాచ్‌మెన్‌కు చెప్పు."

"వాచ్‌మెన్ లేడు. సబ్బు పెట్టిన బట్టలు ఆరిపోతున్నయ్. ఊరందరి బండ్లు బాగుచేస్తవు, సొంతింట్ల నల్ల బాగుచేయనీకి చేతగాదా?"

పేపరు విసిరికొట్టి లేచాడు. "ఏందే, శుక్రవారం గూడ నా పానం తింటవ్," అని పానా తీసుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లెక్కి పోయాడు.

కాసేపటికి నల్లాలోంచి గాలి వచ్చింది, తర్వాత నీళ్లు వచ్చాయి. అమ్మయ్య అనుకున్నాను. బకెట్లు నింపాను. బట్టలు ఉతికాను, జాడించాను, పిండాను. ఇంకా కిందికి రాలేదేమిటి, పైనున్న ఎవరితోనో ముచ్చట పెట్టాడు కాబోలు అనుకుని, తడిబట్టల బకెట్ పట్టుకుని ఆరేయడానికి మేడ మీదికి వెళ్లాను. నిచ్చెన పక్కకు ఒరిగి ఉంది. ఆయన సిమెంటు నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. చెవిలోంచి నెత్తురు కారి, ఆ ఎండకు అప్పటికే అంచులు నల్లబడుతోంది. నేను కింద పాట పాడుకుంటూ బట్టలు జాడించినంతసేపూ ఆయన అక్కడ ఒక్కడే పడి ఉన్నాడు. ఇన్నేళ్లయినా నల్లాలో ముందు గాలి వచ్చి తర్వాత నీళ్లొస్తే, కట్టేసి ఆయన ఎక్కడున్నాడో చూసి వస్తాను.

నా కేకలకు పక్కింటి ఆపా పరుగెత్తుకొచ్చింది. ఆమెది కడప. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ, నాతో కడప తెలుగు. నాకంటే పదేళ్లు పెద్దది, అందుకే వాళ్ల భాషలో అక్కా అన్నట్టు ఆపా అనేదాన్ని. వాళ్లాయన, కింది అంతస్తు వాళ్లు కలిసి మా ఆయనను దుప్పటిలో కిందికి దించి, కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ తలకు ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలబడుతుంది కానీ ఎప్పుడు మేలుకుంటాడో చెప్పలేమన్నారు.

రోజులు గడిచినా ఆయన కళ్లు తెరవలేదు. నర్సులు వచ్చినప్పుడల్లా భుజం తట్టి మా ఇంటిపేరుతో గట్టిగా పిలిచేవారు. ఆ పేరు వింటే మా మామగారు పలకాలి, మా బావగారు పలకాలి, ఊళ్లో నలభై గడపలవాళ్లు పలకాలి, ఈయన ఒక్కడే ఎందుకు పలుకుతాడు? నేను ఆయన చెవి దగ్గర కూర్చుని "ఇగో, ఇంటున్నవా, ఇగో" అంటుండేదాన్ని. కేరళ నర్సు ఒకామె రెండు రోజులు చూసి, అది ఆయన ముద్దుపేరు కాబోలనుకుంది. మర్నాడు వెళ్లేసరికి వార్డులో నర్సులందరూ మంచం చుట్టూ చేరి "ఇగో! ఇగో! కళ్లు తెరువు ఇగో!" అని అరుస్తున్నారు. నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వే ఏడుపైపోయింది. ఆ నర్సే నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది.

పెద్ద డాక్టరు ఉత్తరాది ముసలాయన, మంచివాడు. నన్ను పిలిచి హిందీలో చెప్పాడు. "రోజూ వినే గొంతు, చిన్నప్పటి నుంచీ విన్న పేరు. ఈ రెండూ కలిపి చెవిలో పడితే మంచిది. నువ్వే ఆయనను పేరు పెట్టి పిలువు." తల ఊపి వచ్చాను. మంచం దగ్గర కూర్చుని నోరు తెరిచాను, రాలేదు. మామూలప్పుడే పలకని పేరు, మనిషి చావు అంచున ఉంటే ఎలా పలుకుతాను? పలికీ పలకగానే పోతేనో? రెండు రోజులు అలాగే గడిపాను. డాక్టరు అడిగితే పిలిచానని అబద్ధం చెప్పాను.

ఆపాకు మాత్రం నిజం చెప్పేశాను. ఆమె నన్ను వార్డు బయటే నిలబెట్టి దులిపేసింది. "పలికితే పోతాడని నువ్వంటావు, పలక్కపోతే లెయ్యడని డాక్టరంటాండాడు. ఏది కావాల్నో నువ్వే తేల్చుకో చెల్లీ. పేరు కాపాడుకుని మనిషిని పోగొట్టుకుంటావా?"

ఆ మధ్యాహ్నం ఆయన చెవికి నోరు ఆనించి పిలిచాను. వాళ్లమ్మ పిలిచినట్టే, చివర దీర్ఘం తీసి. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఒకసారి వచ్చాక ఇక ఆగలేదు, సాయంత్రం దాకా పిలుస్తూనే ఉన్నాను. మూడో రోజు కళ్లు తెరిచాడు.

మాట రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. నేను తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే పెదాలు కదిలాయి. వంగాను. "సిస్టర్, కొన్ని నీళ్లు ఇస్తరా," అన్నాడు.

నీళ్లు తాగించాను. చుట్టూ ఉన్నది నర్సులే కదా, నన్నూ నర్సనుకున్నాడు, పోనీలే, మాట వచ్చింది, అదే పదివేలు అనుకున్నాను. ఇస్తరా అన్న మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. జన్మలో నాతో "ఇయ్యి" అనడమే గానీ ఇస్తరా అన్నవాడు కాదు. డాక్టరును అడిగితే ఓపికగా చెప్పాడు. "మెదడు వాచింది. మెల్లగా తగ్గుతుంది. ఒక ఏడాది. రావలసినవన్నీ ఆ ఏడాదిలో వస్తాయి. అప్పటికీ రానిది ఇక రాదనుకో." ఆ మాట పట్టుకుని నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాను. ఒక ఏడాదిలో నా మొగుడు నాకు తిరిగి రావాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఒళ్లు త్వరగానే బాగైంది. ముందు గోడ పట్టుకుని నడిచాడు, తర్వాత నా భుజం పట్టుకుని, తర్వాత ఉత్తినే. చొక్కా గుండీలు పెట్టుకోవడం పాప నేర్పింది. నేను ఎవరో కూడా తెలిసింది. "మీరు నా భార్య. పాప మన బిడ్డ," అని ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. తెలియడం తెలిసింది గానీ, ఆ మీరు పోలేదు. "మీరు తిన్నరా?" "మీకు యాష్టకొచ్చిందా?" "జెర జరుగుతరా, ఇల్లు నేను ఊడుస్త." అన్నీ మెత్తగా, ఒకే గొంతుతో. నవ్వు లేదు, విసుగు లేదు, ఊరి ముచ్చట లేదు. కూర్చోమంటే కూర్చునేవాడు. లేపితే లేచేవాడు.

బిల్డింగులో ఆడవాళ్లు నన్ను చూసి మురిసిపోయారు. "మీవారు ఎంత మర్యాదస్తులైపోయారండీ! మావారికీ ఎవరైనా నెత్తి మీద ఒకటి వేస్తే బాగుండు," అని ఒకావిడ పకపక నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. "మీ ఇంట్లో నిచ్చెన ఉందా? లేకపోతే మాది పంపిస్తాను," అన్నాను. ఆవిడ మళ్లీ మా గడప తొక్కలేదు. పోతే పోయింది. "బొట్టు నిలబడింది, అదృష్టవంతురాలివి" అని ఊరి నుంచి వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ ఉండేది. బొట్టు నిలబడింది, నిజమే. ఆ బొట్టు పెట్టిన మనిషి ఏడి అని నేను ఎవరిని అడగను? మొగుడు పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, నా మొగుడు పోయాడని ఏడిస్తే నన్ను పిచ్చిదంటారు. అందుకని బాత్రూంలో నల్లా తిప్పుకుని ఏడ్చేదాన్ని.

ఆయనకు కోపం తెప్పించాలని చూశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వారం రోజులు ఆయనను సాధించాను. పచ్చిపులుసు అంటే ఆయనకు ప్రాణం, దాంట్లో ఉప్పు ఒక్క రవ్వ అటూ ఇటూ అయినా మునుపు గిన్నె ఎత్తి పడేసేవాడు. చారెడు ఉప్పు గుమ్మరించి వడ్డించాను. పాప నోట్లో పెట్టుకుని కక్కేసింది. ఆయన కలుపుకున్న అన్నమంతా మెతుకు మిగల్చకుండా తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి, "మంచిగున్నది," అన్నాడు.

"ఏం మంచిగున్నది? ఉప్పు ముద్ద! నోరు చచ్చిందా నీకు? తిట్టు! లేచి పల్లెం ఇసిరికొట్టు!"

నేనే పళ్లెం తీసి గోడకేసి కొట్టాను. పాప బిక్కచచ్చిపోయింది. ఆయన లేచి, ఒంగి, గోడ కింద పడిన మెతుకులు ఒక్కొక్కటీ ఏరుతూ, "తప్పయింది. మీకు కోపమొచ్చింది. తప్పు నాదే," అన్నాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడిపోయాను. ఆ తర్వాత మళ్లీ అలాంటి పని చేయలేదు.

అయినా ఆశ చావలేదు, దానికి కారణం ఆ డాక్టరు ప్రశ్నలే. రెండు నెలలకోసారి ఆసుపత్రికి వెళ్లాలి. ముసలి డాక్టరు కాగితం ముందు పెట్టుకుని వరుసగా అడిగేవాడు. ఏ దేశంలో ఉన్నావు? ఒమాన్. ఈ రోజు ఏ వారం? శుక్రవారమైతే గాదు సార్, మీకు డ్యూటీ ఉన్నది. నూరులోంచి ఏడు పోతే? తొంభై మూడు. ఈమె ఎవరు? నా భార్య. భార్య పేరు?

ఇక్కడ ఆగిపోయేవాడు. తల దించుకుని, ముంజేయి గోక్కునేవాడు.

మొదటిసారి అది చూసినప్పుడు నా గుండె ఝల్లుమంది. ఆ గోకుడు నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో మా పుట్టింటికి వచ్చినప్పుడు మా వదిన "తమ్ముడూ, నీ పెండ్లాం పేరేంది?" అని ఆటపట్టిస్తే సరిగ్గా ఇలాగే గోక్కున్నాడు. డాక్టరు కాగితం మీద అడ్డగీత గీయబోతుంటే నేను ఆపాను.

"డాక్టర్ సాబ్, ఇది తప్పు కింద రాయకండి. ఈయన బాగున్నప్పుడు అడిగినా చెప్పేవాడు కాదు. మా వైపు మొగవాళ్లు పెళ్లాం పేరు పలకరు. మేమూ అంతే."

డాక్టరు పెన్ను పక్కన పెట్టి నవ్వాడు. "పలకడు సరే. పేరు తెలుసా?"

"తెలుసు."

"తెలుసని నీకెలా తెలుసు?"

డాక్టరు అడ్డగీత గీసేశాడు. కానీ నేను బయటికి వచ్చేటప్పుడు నా కాళ్లు నేల మీద లేవు. పైకి మీరు అంటున్నాడు, లోపల మాత్రం ఆయన ఆయనే. ఎక్కడో లోపల కూర్చుని సిగ్గుపడుతున్నాడు. ఆ సిగ్గు ఉన్నదంటే మనిషి ఉన్నట్టే కదా! నాలుగో నెల అలాగే ఆగిపోయాడు. ఆరో నెలా అంతే. ఎనిమిదో నెలా, పదో నెలా అంతే. ఆయనకు అడ్డగీత పడ్డప్పుడల్లా నేను నవ్వుకుంటూ ఇంటికొచ్చేదాన్ని.

ఆపాకు అర్థమయ్యేది కాదు. "మార్కులు తప్పినాడని చెప్పి నవ్వుతాండావే, నీగ్గానీ మతి పోయిందా?"

"నీకు తెల్వదు ఆపా. తప్పలేదు మా ఆయన," అనేదాన్ని.

ఆ మధ్యలోనే ఆయనను వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. కంపెనీ ఇంతకాలం ఓపిక పట్టింది, ఇక పని చేయగలడో లేదో చూస్తామన్నారు. వెళ్లగానే పనివాళ్లు పానాలు పడేసి "ఉస్తాద్ ఆగయా" అంటూ చుట్టుముట్టారు. వాళ్లలో నిజామాబాద్ దిక్కు పిల్లలు ఇద్దరు వలవలా ఏడ్చేశారు. ఆయన అందరికీ నమస్తే చెప్పాడు, ఎవరి పేరూ పలకలేదు. ఇంతలో మూలన ఒక పికప్ స్టార్ట్ చేసి ఉంటే అటు తిరిగాడు. చెవి వాల్చి విన్నాడు. నడుచుకుంటూ పోయి, బానెట్ మీద చెయ్యి వేసి, "మూడో ప్లగ్గు కొడ్తలేదు," అన్నాడు. విప్పి చూస్తే నిజమే. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంజన్ గుర్తున్నవాడికి పెళ్లాం గుర్తు రాకుండా పోతుందా అని ఆ రోజు ధైర్యం చెప్పుకున్నాను. మర్నాటి నుంచే డ్యూటీలోకి తీసుకున్నారు.

ఏడాది పూర్తయ్యే వారం వచ్చింది. అది ఆఖరి పరీక్ష అని డాక్టరు ముందే చెప్పాడు. పాపకు ఆ రోజు బడి లేదు, అది కూడా వస్తానంది. ఎనిమిదేళ్ల పిల్ల. రంగుల రిబ్బన్లు కట్టుకుని, బస్సులో వాళ్ల నాన్న పక్కన కూర్చుని, ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆయన గుసగుసలాడటం చూసి నాకు సంతోషమేసింది.

డాక్టరు మామూలుగానే మొదలుపెట్టాడు. దేశం, వారం, నూరులోంచి ఏడు. ఈమె ఎవరు? నా భార్య. భార్య పేరు?

ఆయన ముంజేయి గోక్కోలేదు. తల ఎత్తాడు. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు కట్టుకుని, నా పేరు చెప్పాడు. పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు ముందు, నా పేరు వెనక, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

డాక్టరు కుర్చీలోంచి సగం లేచి చప్పట్లు కొట్టాడు. "శభాష్! ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? మీ ఆవిడ నువ్వు సిగ్గుపడుతున్నావని నాతో పోట్లాడేది."

"సిగ్గు గాదు సార్," అన్నాడు ఆయన, ఎప్పటిలాగే మెత్తగా. "ఎంత దేవులాడినా దొర్కక పోతుండె. మీరు అడిగినప్పుడల్లా తల వంచుకుంటుంటి. మొన్న పాప నోట్‌బుక్కుల రాసిచ్చింది. రోజు పదిసార్లు చదివి నేర్చుకున్న."

పాప నా వైపు చూసింది. దాని మొహం వెలిగిపోతోంది. "అమ్మా, నీకు చెప్పకుండ సర్‌ప్రైజ్ చేసినం. డాడీకి ఈసారి ఒక్క తప్పు గూడ పడలే." దగ్గరికి లాక్కుని దాని నెత్తిన ముద్దు పెట్టుకున్నాను. ఇంకేం చేయను? ఫెయిలైన నాన్నను పాస్ చేయించింది బంగారు తల్లి. డాక్టరు ఫైలు మీద పూర్తిగా కోలుకున్నాడని రాసి సంతకం పెట్టాడు.

నేను నడవాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ కేరళ నర్సే అటు పోతూ ఆగి, నా వీపు నిమిరి, "ఆనందబాష్పాలా?" అంది. అవునన్నాను. లోపల సిగ్గుపడుతూ కూర్చున్న మనిషి ఎవరూ లేడు. పది నెలలు ఖాళీ ఇంటి ముందు కూర్చుని, లోపల అలికిడి వినిపించిందని మురిసిపోయాను. నేను ఆయన పేరు పలికాను, ఆయన పోయాడు. ఇప్పుడు ఆయన నా పేరు పలికాడు, ఆయన లేడని నాకు తెలిసిపోయింది. మా అమ్మ చెప్పిందాంట్లో ఏదో నిజం ఉందని ఒక క్షణం నమ్మాను. మళ్లీ నన్ను నేనే తిట్టుకున్నాను. పలకకపోతే ఈ మనిషి కూడా ఉండేవాడు కాదు కదా.

ఆనాటి నుంచి ఇంట్లో ఆయన నన్ను పేరుతోనే పిలుస్తాడు. నేర్చుకున్నది మరిచిపోకూడదని ఎక్కువగా పిలుస్తాడు. పిలిచిన ప్రతిసారీ "ఆఁ" అని పలుకుతాను. మొదట్లో వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఎవరిని పిలుస్తున్నాడా అని. తర్వాత అలవాటైంది.

కొన్ని నెలల తర్వాత ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఇద్దరం వంటింట్లో కింద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాం. మునుపు వంటింట్లోకి తొంగి కూడా చూసేవాడు కాదు. నన్ను పేరు పెట్టి పిలిచి, "ఒక మాట అడుగుత, ఏమనుకోరు గదా," అన్నాడు.

"అడుగు."

"మునుపు నేను ఎట్లుండేటోణ్ణి? పాపను అడిగిన. గట్టిగ ఒర్రేటోడివి డాడీ అన్నది. నిజమేనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ ఆ మనిషి గురించి నోరారా మాట్లాడి ఎన్నాళ్లయిందో! ఆపుకోలేకపోయాను. "నిజమే. ఉప్పు తక్కువైతే ఇల్లు పీకి పందిరేసేటోనివి. పేపర్ మీద చెయ్యి వేస్తే మీదికి లేస్తుంటివి. నా పేరు గూడ పిలువకపోవు. ఏందే అంటుంటివి. లేకుంటే ఓసేయ్. చెవుల్ల దూది పెట్టుకున్నవా అంటుంటివి." చెబుతూ చెబుతూ నవ్వుతున్నాను. నా నవ్వు నాకే తెలుస్తోంది, మొహం అంతా పాకుతోంది. ఆయన కూడా నవ్వుతాడని చూశాను.

ఆయన చేతిలో వెల్లుల్లి కింద పెట్టేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పడిపోయిన రోజు నుంచి ఆయన కళ్లలో నేను చూసిన మొదటి తడి అది.

"మిమ్మల్నా? అన్ని ఏండ్లు అట్ల అంటే ఎట్ల ఓర్చుకున్నరు?"

ఆ మాటల కోసమే ప్రాణం కొట్టుకుంటోందని ఎలా చెప్పను? చెబితే అవి కూడా నోట్‌బుక్కులో రాసుకుని, రోజుకు పదిసార్లు చదివి, చేతులు కట్టుకుని అప్పజెబుతాడు. ఆయన నా చేయి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వెల్లుల్లి వాసన, దాని అడుగున ఇంజన్ ఆయిల్ వాసన.

"ఇగ ఎన్నడూ నా నోట అసొంటి మాట రాదు. మీ మీద ఒట్టు," అన్నాడు.

సరేనన్నాను. ఆయన ఆ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు.